చప్పట్లలో పోయిన పంక్తి

నీలం నగర్, సోలాపూర్
4 ఆగస్టు 2024

చిరంజీవి ఆరతికి,

దశరథ్ కాక దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నర్సమ్మ చిన్నమ్మా బాగానే ఉన్నాము. నా మోకాలు బాగా లేదు కానీ అది చెప్పుకోవలసినంత సంగతి కాదు. పూణెలో నువ్వూ నీ ఇంటివాళ్లూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నా చదువు ఊరి బడిలో ఐదో తరగతితో ఆగింది. నాకు మాటలు తక్కువ, రాత ఇంకా తక్కువ. తప్పులుంటే దిద్దుకొని చదువు.

మీ నాన్న, మా సిద్ధన్న పోయి ఏడాది కావస్తున్నది. పేరున్న రచయితల జీవితాలలో ఎవరికీ తెలియని ఆశ్చర్యకరమైన సంగతులన్నీ కలిపి హైదరాబాదులో పుస్తకం వేస్తున్నారని, కవి కొక్కుల సిద్ధరాములు గురించి కూతురివి గనుక నిన్నే రాయమన్నారని తెలిసి సంతోషించాను. అక్కడా ఇక్కడా అచ్చయినవి, పెద్దలు చెప్పినవి పోగు చేసి నాకు పంపావు. బట్టల కారఖానాలో నాన్న పక్క సాంచా మగ్గం మీద నేసినవాడివి నువ్వు, ఏది నిజమో ఏది కాదో చెప్పు కాకా అన్నావు.

చదివాను. మళ్లీ చదివాను. ఇందులో ఆశ్చర్యం ఏదో నాకు తెలియలేదు.

పొద్దున జొన్నరొట్టె, పల్లీల చట్నీ తప్ప ఆయన వేరే ముట్టలేదని రాశావు. కారఖానా ఉన్న దాజీ పేట్‌లో అందరమూ అదే తిన్నాము. నర్సమ్మ బీడీలు చుడుతూ ఈ మాట విని, "గిది గుడ ఆచ్చిర్యమేనా? గట్లయితే నా మీద గుడ బుక్కు ఎయ్యమను" అన్నది.

కవితలు మొదట సుద్దముక్కతో సాంచా చెక్క మీద రాసేవాడన్నది నిజం. కాగితం లేక కాదు. సాంచా నడుస్తుంటే జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి రాసే తీరిక ఎవరికి ఉంటుంది?

ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబివ్వక, అడిగినవాళ్ల ముఖంలోకి చాలాసేపు మౌనంగా చూసేవాడని, అది ఋషుల లక్షణమని ఒక పెద్దమనిషి రాశాడట. మౌనంగా చూసేది నిజం. ఋషి సంగతి నాకు తెలియదు. చాయ్ దగ్గర కూర్చుంటే ఆయన నోట బూతులు కూడా వచ్చేవి.

రేడియో వాళ్లు పిలిస్తే పోలేదు, "ముఖం లేని గొంతును నేను నమ్మను" అన్నాడని, అది గొప్ప మాటని రాశావు. అన్నాడు. ఆ మాటకు అర్థాలు చాలా రాశారని విన్నాను. అన్ని అర్థాలు ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు.

హైదరాబాదు సభలో ఒకాయన లేచి, సిద్ధరాములుది కవిత్వం కాదు, వట్టి సాంచా రొద అని దులిపేస్తే, సిద్ధరాములు నవ్వుతూ అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడని, అంత పెద్ద మనసని రాశావు. నేను పక్కనే ఉన్నాను. కొట్టాడు. సభలో ఆ మనిషి ఏమన్నాడో తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను చెప్పాను. ఇక సోలాపూర్ వచ్చేదాకా ఆ మనిషిని తిడుతూనే ఉన్నాడు. ఇది రాయాలా వద్దా నువ్వే చూసుకో.

ఇంతకంటే నాకు తోచడం లేదు.

ఇట్లు,
మీ నాన్న పక్క సాంచావాడు
దశరథ్

తా.క.: చివరన నీ పాట సంగతి రాశావు. అది పుస్తకంలో వేయవద్దు. ఎందుకని అడగవద్దు.


నీలం నగర్, సోలాపూర్
22 ఆగస్టు 2024

చిరంజీవి ఆరతికి,

దశరథ్ కాక దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. మొన్న నారళీ పూర్ణిమకు మార్కండేయుని రథం వైభవంగా తిరిగింది. జనం చాలా వచ్చారు. నేను మోకాలి వల్ల కొంతం చౌక్ దాకా పోలేదు, సందు చివర నిలబడి డోలు విన్నాను.

నీ రెండో ఉత్తరం వచ్చింది. అందులో కోపం ఉంది. ఉండనీ. నువ్వు రాసింది నాకు సరిగా అర్థమైందో లేదో తెలియక, మళ్లీ నా మాటల్లో రాసి చూసుకుంటున్నాను.

నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు, ఇదే రథం పండుగ రోజున, మనవాళ్ల సభలో పాట పాడావు. అది నాన్న రాసిన పాటేనని అందరూ అనుకున్నారు. కాదు. నువ్వే రాసుకున్నావు. నాన్నకు ముందుగా చూపకుండా, అందరి నడుమ ఒకేసారి వినిపించాలని దాచుకున్నావు. నువ్వు పాడినంతసేపూ నాన్న నీవైపు చూడనే లేదు. వేదిక మెట్ల పక్కన నిలబడ్డ నా వైపే చూశాడు. నా పెదవులు ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. అంటే నీ పాట అయ్యేదాకా మేమిద్దరం ముచ్చట పెట్టుకున్నాము. నడుమ నాన్న నవ్వాడు కూడా. మరునాడు పొద్దున నీ పాట కాగితం ఇమ్మన్నాడు. విననివాడికి కాగితమెందుకని నీకు మండింది. చింపేసిన అన్నావు. ఆ మీదట ఒక్క పంక్తి రాయలేదు. ఆ ఏడే పూణెకు మేనత్త దగ్గరికి చదువుకు పోయావు.

"లోకమంతటి బాధ విన్న కవి, కన్నకూతురి పాట వినలేదు." ఇదే అన్నిటికంటే ఆశ్చర్యకరమైన సంగతి అని, దీనితోనే వ్యాసం ముగించానని, వచ్చే నెల అచ్చుకు పోతుందని రాశావు. ఆ రోజు నాన్నతో నువ్వేం మాట్లాడినవో చెప్పు కాకా, చెప్పకుంటే నేను చూసింది చూసినట్టే వేస్త అన్నావు.

నువ్వు చూసింది నిజమే బిడ్డా. నా పెదవులు కదిలింది నిజం. ఆయన నా వైపే చూసింది నిజం. నవ్వింది నిజం. అన్నీ నిజమే కానీ అన్నీ కలిపి నువ్వు రాసింది నిజం కాదు. ఇది ఎట్లా అవుతుందని అడుగుతావు. ఎట్లా చెప్పాలో తెలియకే ఈ కాగితం ముందు కూర్చున్నాను.

ఒక మాట ఉంది. అది ఎవరికీ చెప్పనని మీ నాన్నకు ఒట్టు పెట్టాను. మా కారఖానాలో పని మొదలుపెట్టే ముందు సాంచాను ముట్టి కళ్లకద్దుకుంటాము. కూడు పెట్టేది అదే గనుక. దాన్ని ముట్టి పెట్టిన ఒట్టు తప్పినవాణ్ణి నేను చూడలేదు. మీ నాన్న తన సాంచా మీద నా చేయి పెట్టించి ఆ ఒట్టు వేయించుకున్నాడు. ఆయన బతికినన్నాళ్లూ ఒట్టు మోయడం బరువు అనిపించలేదు. నాకు ఎట్లాగూ మాటలు తక్కువ. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక బరువుగా ఉంది.

చెబితే ఆయనకు తప్పినవాణ్ణి. చెప్పకపోతే ఆయన మీద అబద్ధం అచ్చవుతుంది. చచ్చినవాడు వచ్చి కాదనలేడు. ఏం చేయాలో పాలుపోక నిన్న ఆటోలో దాజీ పేట్ పోయాను. ఆ సాంచాను ఒక్కసారి చూస్తే, చేయి పెడితే, ఏదైనా తోస్తుందని. పిచ్చి పనే.

ఇప్పుడు కారఖానా నడిపేది మా సేఠ్ కొడుకు వైభవ్. నన్ను చూసి లేచి వచ్చాడు. "దశరథ్ మామా, శానా దినాలకు! బసా, కూసో, చాయ్ తాగు" అన్నాడు. సిద్ధన్న సాంచా ఎక్కడ అని అడిగాను. "పాత సాంచాలు అన్నీ దివాళీకే భంగార్‌ల పోయినయ్ గదా మామా! కొత్త మిషిన్లు ఎక్కించినం, చూస్తవా?" అన్నాడు. చూశాను. మీ నాన్న సాంచా ఉన్నచోట నేల మీద బోల్టుల గుంతలు, నూనె మరక మిగిలాయి. వంగి ఆ మరకను ముట్టాను. వైభవ్ కంగారు పడి, "మామా, ఏమన్న పడిపోయిందా?" అని తానూ వంగి వెతికాడు. ఏమీ పడలేదని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చి నర్సమ్మను అడిగాను, సాంచా తుక్కులో పోతే దాని మీది ఒట్టు ఉన్నట్టా, పోయినట్టా అని. సంగతి ఏమిటో చెప్పలేదు, ఒట్టు అని మాత్రమే చెప్పాను. బీడీ ఆకు కత్తిరించడం ఆపకుండానే, "ఒట్టు ఇనుముకు పెట్టినవా, మనిషికి పెట్టినవా?" అన్నది. మనిషి కూడా పోయాడు కదా అన్నాను. "గయితే ఇగ ఉన్నదెవ్వరు? పోరి ఉన్నది. గా పోరి ముఖం చూడు. ఊకె కాయితాలు ఖరాబ్ చెయ్యకు" అన్నది.

ఆమెకు అన్నీ తేలిక. నాకు కావు. సిద్ధన్న ఉంటే ఏమనేవాడో అని ఆలోచించాను. ఒకసారి చెప్పరా అన్నట్టు ఉంటుంది. ఒకసారి ఒద్దురా అన్నట్టు ఉంటుంది. ఆయన ముఖం రెండు రకాలుగానూ కనిపిస్తుంది.

ఇట్లు,
దశరథ్ కాక

తా.క.: అచ్చుకు అప్పుడే పంపకు. ఇంకొన్ని రోజులు ఆగు. ఈ ముసలివాని మాట మన్నించు.


నీలం నగర్, సోలాపూర్
1 సెప్టెంబర్ 2024

చిరంజీవి ఆరతికి,

దశరథ్ కాక దీవెనలు. ఇక్కడ బాగున్నాము. నర్సమ్మ నీకోసం పల్లీల చట్నీ దంచి పెట్టింది, మనవరాలు నేహా పూణె వచ్చినప్పుడు పంపుతాము. ఎల్లిపాయ ఎక్కువే వేసింది, మీ నాన్నకు అట్లాగే ఇష్టం.

నువ్వు ఆగుతానని ఒక్క ముక్క రాసి పంపావు. ఆ కార్డు చూసి నా మనసు కుదుటపడింది. ఎక్కువ రాయలేదు గనుక కోపం తగ్గిందో పెరిగిందో తెలియలేదు.

వాన పడుతున్నది. మోకాలు అట్లాగే ఉంది. నేహా ఇందాక వచ్చి, "తాతా, గింత రాసుడెందుకు, వీడియో కాల్ చేస్త, ముఖం చూసి చెప్పేసెయ్ గదా" అన్నది. ముఖం చూస్తే నేను చెప్పలేను. నర్సమ్మ అందుకుని, "మీ తాత అసలు ముచ్చట ఎప్పుడైనా కాయితం కిందనే రాస్తడే. పైన వాన, మోకాలు రాస్తడు" అన్నది. ఇద్దరూ నవ్వారు.

కాబట్టి ఇక్కడ సంతకం చేస్తున్నాను.

ఇట్లు,
మీ నాన్న పక్క సాంచావాడు
దశరథ్

తా.క.: మీ నాన్నకు చెవులు వినపడేవి కావు బిడ్డా.

నువ్వు బడిలో చేరేనాటికే సగం పోయాయి. నువ్వు పాట పాడేనాటికి ఏమీ మిగలలేదు. సాంచాల మధ్య పుట్టి పెరిగినవాళ్లం, మాకందరికీ కొంత పోతుంది. నాకు ఎడమ చెవి పనిచేస్తుంది. ఆయనకు రెండూ పోయాయి.

ఇది ఎవరూ ఎట్లా కనిపెట్టలేదని నీకు అనిపిస్తుంది. కారఖానాలో ఎవరికీ ఏదీ వినపడదు. అన్ని సాంచాలు నడుస్తుంటే పక్కవాడు అరిచినా గాలే. మేము పెదవులు చూసి మాట్లాడుకుంటాము. గొంతు పెట్టము, పెదవులే. ఆ మూల నుంచి ఈ మూలకు మా ముచ్చట్లు, తిట్లు, పరాచికాలు అన్నీ అట్లాగే నడుస్తాయి. కాబట్టి అక్కడ ఆయన అందరితో సమానమే. బయటికి వస్తేనే కష్టం. ముఖం కనిపిస్తే అందుకునేవాడు. ముఖం తిప్పితే పోయినట్టే. ఇప్పుడు ఆ మౌనం, రేడియో, హైదరాబాదు చప్పట్లు అన్నీ నువ్వే మళ్లీ చదువుకో. సభలో అందరూ చేతులు ఎత్తబోతుంటే ఆయన ముందే కొట్టాడు. పొగుడుతున్నారనుకున్నాడు. నీకు ఫోన్ చేయక ఉత్తరాలే రాసింది కూడా అందుకే.

మొదట సేఠ్‌కు తెలిస్తే సాంచా మీద నుంచి దించేస్తాడని దాచాడు. పేరు వచ్చాక మరీ దాచాడు. "సాంచా సప్పుడు మీద కైతలు రాసినోడు చెవిటోడంటే లోకం నవ్వుతది దశరథా" అన్నాడు. నేను, ఎవరు నవ్వుతారన్నా, చెప్పేసెయ్ అన్నాను. అప్పుడు, "లోకం నవ్వితే నవ్వనీ. బిడ్డకు ఎరుక గావద్దు. అది దోస్తుల నడుమ మా నాయిన కవి అని చెప్పుకుంటది. మా నాయిన చెవిటోడు అని చెప్పుకోవద్దు" అన్నాడు. నా చేయి పట్టి సాంచా మీద పెట్టించింది ఆ రోజే.

మీ అమ్మ చంద్రభాగ వదినకు తెలుసు. నువ్వు పిలిచినప్పుడల్లా ఆమె ఆయన భుజం తట్టి నీ వైపు తిప్పేది. గుర్తు తెచ్చుకో.

ఇక ఆ రోజు సంగతి. నువ్వు పాడబోతున్నావని తెలిసి ఆయన పొద్దటి నుంచే కుదురుగా లేడు. నీ ముఖం చూసి అందుకోవచ్చనుకున్నాడు. తీరా నువ్వు వేదిక ఎక్కితే నీ నోటికి అడ్డంగా మైకు ఉంది. పెదవులు కనిపించవు. ఆయన ముఖం తెల్లబోయింది. చుట్టూ చూసి, మెట్ల పక్కన నన్ను పట్టుకున్నాడు. కారఖానాలో అడిగినట్టే పెదవులతో అడిగాడు, ఏమంటున్నది అని.

నేను అందించాను. నువ్వు పాడింది పాడినట్టు, పంక్తి వెంట పంక్తి, పెదవులతో ఆయనకు అందించాను. నా పెదవులు ఆగకుండా కదిలాయి అన్నావే, అవి నీ మాటలే బిడ్డా. నా మాట ఒక్కటి లేదు.

మొదట అది తన పాటే అనుకున్నాడు. రెండో పంక్తికి ఆయన ముఖం మారింది. ఇది నాది కాదు గదా అన్నాడు. కాదన్నా, పోరిదే, పోరే రాసింది అన్నాను. అప్పుడు నవ్వాడు. నువ్వు చూసిన నవ్వు అదే.

నేను ఐదో తరగతివాణ్ణి. పాట అందించడం నాకు వచ్చిన పని కాదు. అయినా బాగానే నడిచింది, ఒక్క చోట తప్ప. "నాయిన అంగీకి అంటిన దూది, మా ఇంట్ల దిగిన మబ్బు" అని పాడావు. దానికి సభంతా చప్పట్లు కొట్టింది. ఆయనకు చేతులు కనిపించాయి, ఎందుకో తెలియలేదు. ఎందుకు కొడుతున్నరు అన్నాడు. నేను ఆ పంక్తి మళ్లీ చెప్పాను. ఆయన తన అంగీ భుజం వైపు చూసుకున్నాడు. ఈలోపల నువ్వు తర్వాతి పంక్తి పాడేశావు. చప్పట్లలో నాకూ వినపడలేదు. అది పోయింది.

మరునాడు కాగితం అడిగింది ఆ పంక్తి కోసమే. చింపేసిన అన్నావు. రోజూ నువ్వు పుస్తకంలో తల పెట్టుకొని మాట్లాడేదానివి, సగం మాటలు ఆయనకు అందేవి కావు. ఆ మాట మాత్రం నేరుగా ముఖం చూసి చెప్పావు. పూర్తిగా అందింది.

ఒట్టు తప్పాను. సాంచా లేదు గనుక తప్పలేదని ఎవరైనా అంటే అననీ, నాకు తెలుసు తప్పానని. ఇది రాస్తూ ఉంటే నర్సమ్మ వచ్చి, చంద్రభాగ తనకు ఎప్పుడో చెప్పిందని, "నాకు ఎరుకలేదనుకున్నవా?" అని అన్నది. మరి ఇన్నేళ్లూ నేను దాచింది ఎవరి దగ్గర? నీ ఒక్కదాని దగ్గర. ఎవరి దగ్గర దాచకూడదో వాళ్ల దగ్గరే దాచాను. ఇది మంచిదో చెడ్డదో నాకు ఇంకా తేలలేదు.

పుస్తకంలో ఏం వేస్తావో నీ ఇష్టం. కవి చెవిటివాడని వేస్తావో, ఏమీ వేయవో. నేను అడిగేది వేరే.

ఆ తర్వాత ఎప్పుడు మబ్బు పట్టినా సిద్ధన్న నన్ను అడిగేవాడు, మబ్బు తర్వాత ఏమున్నదిరా అని. నాకు తెలియదనేవాణ్ణి. ఆస్పత్రిలో చివరి రోజుల్లో గొంతు పోయింది, పెదవులు మాత్రం ఉన్నాయి. అప్పుడూ అదే అడిగాడు. తల అడ్డంగా ఊపడం తప్ప నేనేమీ చేయలేకపోయాను.

ఆయన ఫోటో మా ఇంట్లో గోడకు ఉంది. నువ్వు రాసి పంపితే దాని ఎదుట నిలబడి పెదవులతో అందిస్తాను. గుర్తు లేకపోతే ఇప్పుడు కొత్తగా రాసినా సరే. చూసి నర్సమ్మ నవ్వితే నవ్వనీ.

మబ్బు తర్వాత ఏమన్నావు బిడ్డా?